వేలాడే స్తంభం, కలిసి లాగే ఇంజన్లు

లేపాక్షి వెళ్ళినవాళ్ళు వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి చూడకుండా తిరిగి రారు. మన బ్యాచ్ కూడా అదే చేసింది, ఫోటోలు దిగింది. ఆ ఒక్క స్తంభం నేలను సరిగ్గా ఆనదు. బాగానే ఉంది. కానీ ఇంజనీరింగ్ చదువుతున్నాం కాబట్టి ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి కదా: దాని వంతు బరువు ఎవరు మోస్తున్నట్టు? పక్కనున్న స్తంభాలే.

తిరుగు దారిలో హిందూపురం దగ్గర ఒక గూడ్స్ బండి కనబడింది. ముందర రెండు ఇంజన్లు. ఇలాంటి జంటలో మామూలుగా డ్రైవర్ ముందు ఇంజన్లోనే ఉంటాడు, రెండోది ఖాళీ. మరి ఆ రెండోది మొదటిదానికి సమానంగా ఎట్లా లాగుతుంది? వేలాడే స్తంభంలాగా ఊరికే వెంట వస్తే? ఈ ప్రశ్నను పట్టుకుని పందెం కాసిన మనిషి ఫ్రాంక్ జూలియన్ స్ప్రేగ్.

స్ప్రేగ్ 1857లో అమెరికాలోని మిల్ఫర్డ్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లి పోయింది, మేనత్త దగ్గర పెరిగాడు. నేవీ అకాడమీలో చదివి 1878లో బయటికొచ్చాడు. ఓడల మీద ఉన్నప్పుడూ ధ్యాసంతా కరెంటు మీదే. 1883లో నేవీ ఉద్యోగం వదిలి ఎడిసన్ దగ్గర చేరాడు. అక్కడ దీపాలకే పెద్దపీట, స్ప్రేగ్‌కేమో మోటార్ల పిచ్చి. ఏడాది తిరిగేసరికి బయటికొచ్చి సొంత కంపెనీ పెట్టుకున్నాడు.

తర్వాత రిచ్‌మండ్ ఊళ్ళో కరెంటు ట్రామ్‌లు నడుపుతానని ఒప్పుకున్నాడు. గడువు 90 రోజులు, డబ్బు 1,10,000 డాలర్లు, అదీ పని నచ్చితేనే. సంతకం అయ్యాక టైఫాయిడ్‌తో మంచాన పడ్డాడు. లేచి చూస్తే ఎత్తులు అనుకున్నదానికంటే ఘోరం. ఒక రాత్రి ట్రామ్ కొండ ఎక్కింది, పైన మోటారు పాడైంది. చుట్టూ జనం. పరికరాలు తీసుకురమ్మని అసిస్టెంట్‌ని పంపించి, జనం పలచబడేదాకా కదలకుండా కూర్చున్నాడు. వచ్చిన పరికరాలు ఏంటంటే, బండిని లాక్కెళ్ళే కంచర గాడిదలు! అయినా 1888 ఫిబ్రవరిలో లైను మొదలైంది. చేతి డబ్బు బాగా పోయింది.

బోస్టన్ నుంచి వచ్చిన ట్రామ్ కంపెనీ పెద్ద హెన్రీ విట్నీకి ఒక అనుమానం: బండ్లన్నీ ఒకేచోట పోగుపడి ఒకేసారి కదిలితే లైను తట్టుకుంటుందా? స్ప్రేగ్ అర్ధరాత్రి 22 బండ్లను వరసగా నిలబెట్టి, ఒకదాని వెనక ఒకటి బయల్దేరదీశాడు. దీపాలు మిణుకుమన్నాయి, వోల్టేజ్ పాతాళానికి పడింది, కానీ బండ్లు కదిలాయి. బోస్టన్ కరెంటు వైపు తిరిగింది.

1890లో ఎడిసన్ కంపెనీ ఆయన కంపెనీని కొనేసింది. మోటార్ల మీద స్ప్రేగ్ పేరు తీసేశారు. అది ఆయనకు జీవితాంతం మానని గాయం. ఉద్యోగానికి దండం పెట్టి లిఫ్టుల వైపు వెళ్ళాడు.

అసలు ఆలోచన అక్కడే తట్టింది. చాలా లిఫ్టుల్ని ఒకే స్విచ్ నుంచి నడపగలిగినప్పుడు, రైల్లో ప్రతి పెట్టెకీ సొంత మోటార్లు, సొంత కంట్రోలర్ పెట్టి, అన్నిటినీ ఒకే చోటి నుంచి ఎందుకు నడపకూడదు? పెద్ద కరెంటు ఎక్కడిదక్కడే ఉంటుంది. పెట్టె నుంచి పెట్టెకు పోయేది ఆజ్ఞ మోసే సన్న తీగలు మాత్రమే. ముందు డ్రైవర్ హ్యాండిల్ తిప్పితే అన్ని కంట్రోలర్లూ కలిసి మెట్టెక్కుతాయి. దీనికే మల్టిపుల్ యూనిట్ అని పేరు. 1897లో షికాగో సౌత్ సైడ్ ఎలివేటెడ్ రైల్వే కోసం లక్ష డాలర్ల పూచీ కట్టి ఈ పని ఒప్పుకున్నాడు. ఫెయిలైతే మిగిలేదేం లేదు. ఆ జులైలో పరీక్ష పెట్టి, తన చిన్న కొడుకు చేత బండి నడిపించి చూపించాడు. పిల్లాడు నడపగలిగితే ఇంకేం అనుమానం? మరుసటి ఏడాది షికాగోలో ఆ రైళ్ళు తిరిగాయి.

ఇది పాత కథే కదా అనుకోకండి. ఇంట్లో బుల్లి రైళ్ళు నడిపే హాబీవాళ్ళకు ఈ చిక్కు రోజూ ఎదురవుతుంది. రెండు మోడల్ ఇంజన్లకు ఒకే ఆజ్ఞ పంపినా మోటారు, గేర్లు వేరువేరు కాబట్టి ఒకటి ముందుకు గుంజుతుంది, ఇంకోటి వెనక్కి. చాలా మోడళ్ళలో వార్మ్ గేర్ ఉంటుంది, దాన్ని బయటి నుంచి తోస్తే మోటారు తిరగదు. అందుకే నెమ్మదిదాన్ని ఈడ్చలేక వేగంగా పోయేదాని చక్రాలు జారుతాయి. ఏం చేస్తారు? కొలిచిన దూరం మీద ఒక్కోదాన్నీ విడిగా నడిపి స్టాప్‌వాచ్‌తో టైం చూస్తారు. తర్వాత డిజిటల్ డీకోడర్‌లో సీవీ 2తో మొదలయ్యే వోల్టేజ్, సీవీ 6తో మధ్యది, సీవీ 5తో గరిష్ఠం సరిచేస్తారు. అదీ చాలకపోతే సీవీ 67 నుంచి 94 దాకా ఉన్న 28 మెట్ల పట్టిక ఉంది. చురుకైనదాన్ని తగ్గించి నెమ్మదిదానికి కలపడమే తేలిక. ఆజ్ఞ ఒకటైతే సరిపోదు, ఆ ఆజ్ఞకు జవాబు కూడా ఒకటి కావాలి.

1902లో జనరల్ ఎలక్ట్రిక్ ఆయన రెండో కంపెనీని కూడా కొంది. తర్వాత న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ కరెంటీకరణలో పనిచేశాడు. 1934లో పోయాడు. ఆయనకు దక్కాల్సిన పేరు కోసం భార్య హారియట్ తర్వాత ఒక పుస్తకమే రాసింది.

హైదరాబాద్ మెట్రో ఎక్కినా, సికింద్రాబాద్‌లో ఎంఎంటీఎస్ ఎక్కినా మనం నిలబడేది ఆయన ఆలోచన మీదే. లేపాక్షిలో నేలకానని స్తంభానికి పేరుంది, ఫోటోలున్నాయి. దాని బరువు మోసే పక్క స్తంభాలకు పేరు లేదు. ఈసారి వెళ్ళినప్పుడు ఒక ఫోటో వాటికీ తీద్దాం.