గూడవల్లి రామబ్రహ్మం

గూడవల్లి రామబ్రహ్మం 1902వ సంవత్సరంలో కృష్ణాజిల్లాలోని నందమూరు గ్రామంలో జన్మించారు. సినిమాలు తీయడానికి ముందు ఆయన పత్రికా రచయిత. ‘ప్రజామిత్ర’ పత్రికకు సంపాదకులుగా పనిచేసి, సంఘంలోని మంచిచెడ్డలను గురించి నిర్భయంగా రాశారు. ఆ రోజులలో తెలుగు సినిమాలన్నీ దాదాపుగా పురాణకథలే. చదువురాని వారికి పత్రిక అందదు, సినిమా అందుతుంది. అందుచేత పత్రికలో చర్చించే విషయాలనే తెరమీద చూపాలని రామబ్రహ్మం సంకల్పించారు.

అది సులభమైన పని కాదు. 1918లో చేసిన చట్టం ప్రకారం ప్రతి చిత్రానికీ సెన్సారు బోర్డు అనుమతి కావాలి. మద్రాసు, బొంబాయి వంటి నగరాలలో 1920 నుండి ఈ బోర్డులు పనిచేశాయి. వాటిలో పోలీసు అధికారులదే పెత్తనం. బోర్డు అనుమతించిన చిత్రాన్ని సైతం జిల్లా మేజిస్ట్రేటు తన జిల్లాలో ఆపివేయవచ్చు. నాందేడ్ మీదుగా పారే గోదావరికి ఎగువన పైఠణ్ ఉన్నది కదా! అక్కడి ఏక్‌నాథ్ మహారాజ్ అస్పృశ్యతను ఖండించిన కథను 1935లో వి. శాంతారామ్ ‘మహాత్మా’ అనే పేరుతో చిత్రంగా తీశారు. ఆ పేరు వింటే ప్రేక్షకులకు గాంధీజీ స్ఫురిస్తారని సెన్సారు వారు అభ్యంతరం చెప్పారు. చివరకు ఆ చిత్రం ‘ధర్మాత్మా’ అయింది. ఇటువంటి ఆంక్షలు మన దేశంలోనే కాదు. అమెరికాలో హాలీవుడ్ నిర్మాతలు 1934 నుండి గట్టిగా అమలు చేసుకున్న నియమావళి తెల్లవారికీ నల్లవారికీ మధ్య ప్రేమను చూపరాదని శాసించింది.

ఆ కాలంలోనే, 1938లో, రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశారు. దళిత యువతికీ బ్రాహ్మణ యువకునికీ మధ్య ప్రేమ, దళితుల దేవాలయ ప్రవేశం ఇందులోని ఇతివృత్తం. కథ చలం రాశారు, మాటలు తాపీ ధర్మారావు వాడుక భాషలో రాశారు. కాంచనమాల నాయిక. చిత్రం పేరే కొందరికి కంటగింపయింది. ప్రజలు మాత్రం విరగబడి చూశారు.

దీనిని నిర్మించిన సారథి సంస్థకు అండ చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్. రామబ్రహ్మం తరువాత ఎన్నుకొన్న కథ జమీందారీ పీడనకు సంబంధించినది! ఒక జమీందారు అండగా ఉన్న సంస్థలోనే ఆ కథను తెరకెక్కించడం విశేషం. 1939లో విడుదలైన ఆ చిత్రం ‘రైతుబిడ్డ’. అందులో ఒక చిన్న రైతు ఎన్నికలలో జమీందారు మనిషికి కాక రైతుల అభ్యర్థికి ఓటు వేస్తాడు, దానికి నానా బాధలూ పడతాడు. ప్రఖ్యాత రంగస్థల నటుడు బళ్లారి రాఘవ ఆ రైతు పాత్ర ధరించారు. కవి కొసరాజు ఈ చిత్రంతోనే సినీరంగంలో ప్రవేశించారు.

కథ కల్పితమే అయినా చూసినవారికి కల్పితంగా తోచలేదు. ఆంధ్రదేశంలో జమీందారీ రైతుల ఉద్యమం అప్పుడు ముమ్మరంగా సాగుతున్నది. మద్రాసు రాష్ట్రంలో ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘం జమీందారీ గ్రామాలలో విచారణ జరిపి, 1938లో నివేదిక సమర్పించింది. అటువంటి సమయంలో ఈ చిత్రం ఊరూరా ఆడితే ఏమవుతుందో జమీందారులకు తెలుసు. వారు తీవ్రంగా వ్యతిరేకించారు. కొన్నిచోట్ల ప్రభుత్వం ప్రదర్శనను నిషేధించింది. ఏ గ్రామాల రైతుల కోసం చిత్రం తీశారో వారిలో ఎందరికో దానిని చూసే అవకాశం లేకపోయింది. మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దుకు చట్టం వచ్చింది 1948లో.

రామబ్రహ్మం అటు తరువాత ‘ఇల్లాలు’, ‘పత్ని’, ‘పంతులమ్మ’ మొదలైన చిత్రాలు తీశారు. వాటిలో కుటుంబ సమస్యలకు చోటు దొరికింది గాని, ‘రైతుబిడ్డ’ వలె అధికారంతో నేరుగా తలపడిన చిత్రం మరొకటి లేదు. 1945లో ‘మాయాలోకం’ అనే జానపద చిత్రం వచ్చింది. పల్నాటి వీరుల కథను చిత్రిస్తుండగా 1946లో, నలభై నాలుగేళ్ల వయస్సులో, ఆయన కన్నుమూశారు. మిగిలిన భాగాన్ని ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేయగా ‘పల్నాటి యుద్ధం’ 1947లో విడుదలైంది.