శిబిరములో యౌవనస్థుల నేస్తము - ఎరిక్ లిడిల్

మన అధ్యక్ష ఖండము నూరు సంవత్సరములు పూర్తి చేసుకున్న ఈ శుభ సమయములో సంఘముల చరిత్రలు, పూర్వ గురువుల సేవలు ఈ సంచికలో మీరు చదువుతున్నారు. మాకు అప్పగింపబడిన అంశము యౌవనస్థుల వేసవి శిబిరములు, వాటిలో కౌన్సిలర్లుగా ఉండువారి సేవ. ఈ అంశమును గూర్చి నియమములు వ్రాయుటకంటె, ఒక మనిషి జీవితమును సంఘము ముందుంచుట మేలని మాకు తోచినది.

వేసవి శిబిరము అనగానే మనకు జ్ఞాపకము వచ్చునవి సెలవులిచ్చిన బడి ఆవరణ, షామియానా, పాటల పుస్తకము, పెద్ద గిన్నెలలో వండిన భోజనము, దూరమునుండి వచ్చిన ప్రసంగీకుడు. ఏర్పాట్ల కమిటీలు ప్రసంగీకుని ఆరు నెలల ముందే పిలుస్తాయి. పదిమంది పిల్లలతో రాత్రింబగళ్ళు కలిసి ఉండవలసిన కౌన్సిలరు ఎవరన్నది మాత్రము అనేక చోట్ల ఆఖరు వారములో తేలుతుంది. అయితే పిల్లలను పదేండ్ల తరువాత అడిగి చూడండి. ప్రసంగ వాక్యము మరచిపోయి ఉంటారు. తమ ప్రక్కన కూర్చొని తమ మాట విన్న అన్నను గాని అక్కను గాని మరచిపోరు.

అట్టి కౌన్సిలరు ఒకరు స్కాట్లాండు దేశస్థుల బిడ్డ ఎరిక్ లిడిల్. ఆయనను పరుగుల వీరుడుగా లోకము ఎరుగును. 1981లో వచ్చిన ఛారియట్స్ ఆఫ్ ఫైర్ అను సినిమా ద్వారా మన యౌవనస్థులలో కూడ కొందరు ఆయన పేరు విన్నారు. కాని ఆ సినిమా ఆగిన చోటనే ఆయన సేవలో శ్రేష్ఠమైన భాగము మొదలవుతుంది. ఆయన కౌన్సిలరుగా పనిచేసిన శిబిరము సెలవుల శిబిరము కాదు. ముళ్ళకంచెల నడుమ, కావలివారి తుపాకుల నీడలో నడచిన నిర్బంధ శిబిరము.

బాల్యము

ఎరిక్ 1902 జనవరి 16న చైనా దేశములోని టియాన్‌జిన్ పట్టణములో జన్మించారు. తండ్రి జేమ్స్ లిడిల్ లండన్ మిషనెరీ సొసైటీ పంపిన మిషనెరీ. 1805లో విశాఖపట్టణమునకు మిషనెరీలను పంపి, తరువాత కడప, గుత్తి, జమ్మలమడుగు ప్రాంతములలో సువార్త సేవ జరిగించిన సొసైటీయే అది. కాబట్టి ఆ కుటుంబము మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఎరిక్‌కు ఆరేండ్ల వయస్సులో తల్లిదండ్రులు ఆయనను, అన్న రాబర్ట్‌ను లండను దగ్గర మిషనెరీల కుమారుల బడిలో విడిచి తిరిగి చైనా వెళ్ళిపోయారు. ఆ కాలమునందు మిషనెరీ కుటుంబములలో అది వాడుక. ఓడల ప్రయాణము వారముల తరబడి సాగేది. తల్లిదండ్రులను చూచుట ఏండ్లకొకసారి మాత్రమే. అమ్మ ఉత్తరము కొరకు ఎదురుచూచు పిల్లవాని మనస్సు ఎట్టిదో ఆయనకు అనుభవము ద్వారా తెలుసు. ముప్పది అయిదేండ్ల తరువాత ఆ అనుభవము ఎవరికి ఉపయోగపడునో అప్పుడు ఎవరును ఎరుగరు.

పరుగు పందెము, ఆదివారము

1920లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయములో చేరి విజ్ఞాన శాస్త్రము చదివారు. రగ్బీ ఆటలో స్కాట్లాండు జట్టు పక్షమున ఏడు మార్లు ఆడారు. స్వభావమున సిగ్గరి. 1923 ఏప్రిల్ మాసములో డి. పి. థామ్సన్ అను సువార్తికుడు, ఆర్మడేల్ అను గని కార్మికుల ఊరిలో జరుగు కూటములో మాట్లాడుమని అడిగినప్పుడు ఒప్పుకున్నారు. గట్టిగా అరచి ప్రసంగించుట ఆయనకు చేతకాదు. ప్రక్కవానితో మాట్లాడినట్లు మెల్లగా, తన జీవితములో క్రీస్తు ఏమి చేసెనో చెప్పారు. ఆనాటినుండి విద్యార్థులు, పనివారు ఆయన మాట వినుటకు గుంపులుగా వచ్చేవారు.

1924లో పారిస్ ఒలింపిక్ పోటీలు జరిగాయి. నూరు మీటర్ల పరుగులో ఆయన గెలుస్తాడని బ్రిటను ఆశించింది. అయితే ఆ పరుగు తొలి పోటీలు ఆదివారము పెట్టబడ్డాయి. ప్రభువు దినమున పరుగెత్తనని ఆయన తప్పుకున్నారు. ఓడ ఎక్కుతుండగా ఈ సంగతి తెలిసినట్లు సినిమాలో చూపారు గాని, నిజమునకు నెలల ముందే తెలిసినది. అందువలన ఆ నెలలన్నియు విమర్శలను మోస్తూనే ఆయన నాలుగు వందల మీటర్ల పరుగుకు సిద్ధపడ్డారు. రెండు వందల మీటర్లలో కాంస్య పతకము వచ్చినది. జూలై 11న నాలుగు వందల మీటర్లను 47.6 సెకండ్లలో ముగించి, ప్రపంచ రికార్డుతో బంగారు పతకము పొందారు.

మరుసటి ఏడు, కీర్తి ఇంకను చల్లారక మునుపే, ఆయన చైనాకు మిషనెరీగా వెళ్ళిపోయారు.

చైనాలో సేవ

టియాన్‌జిన్‌లోని ఆంగ్లో-చైనీస్ కళాశాలలో విజ్ఞాన శాస్త్రము బోధించారు. ఆటలు నేర్పారు. సండేస్కూలు నడిపారు. 1932లో గురువుగా అభిషేకము పొందారు. 1934లో కెనడా దేశపు మిషనెరీల కుమార్తె ఫ్లారెన్స్ మెకెంజీని వివాహము చేసుకున్నారు. 1937లో పట్టణ సుఖము విడిచి, జపాను సైన్యములు దండెత్తిన పల్లె ప్రాంతమైన సియావోచాంగ్‌కు వెళ్ళారు. అక్కడి మిషను ఆసుపత్రిలో అన్న రాబర్ట్ డాక్టరు. ఎరిక్ సైకిలు మీదను, కాలినడకను పల్లెలు తిరిగి సంఘములను బలపరిచారు.

యుద్ధము ముదిరినందున 1941లో గర్భవతియైన భార్యను, ఇద్దరు కుమార్తెలను కెనడా పంపివేసి తాను సేవలో నిలిచారు. మూడవ కుమార్తె అక్కడనే పుట్టినది. ఆ బిడ్డను ఆయన ఎన్నడును చూడలేదు.

వెయ్‌షియన్ శిబిరము

1943 మార్చిలో జపాను అధికారులు ఉత్తర చైనాలోని విదేశీయులను షాన్‌డంగ్ రాష్ట్రములోని వెయ్‌షియన్ అను చోట నిర్బంధించారు. అది అంతకుముందు అమెరికా ప్రెస్బిటేరియన్ మిషను కాంపౌండు. రమారమి రెండువందల గజముల పొడవు, నూటయేబది గజముల వెడల్పు గల ఆ స్థలములో సుమారు 1,500 మందిని ఉంచారు. వ్యాపారస్థులు, మిషనెరీలు, త్రాగుబోతులు, పసిపిల్లల తల్లులు, అందరును అక్కడనే. తిండికి వరుస, నీటికి వరుస, మరుగుదొడ్డికి వరుస. రొట్టెయు, జొన్న జావయు ఆహారము.

ఆ సెప్టెంబరులో చీఫూ అను ఊరిలోని మిషనెరీ బడి పిల్లలను ఉపాధ్యాయులతో సహా అక్కడికి తెచ్చారు. వారిలో అనేకుల తల్లిదండ్రులు చైనా లోపలి ప్రాంతములలో దూరముగా ఉండిపోయారు. ఉత్తరములు కూడ అరుదు. ఆరేండ్ల వయస్సులో అమ్మను విడిచిన ఎరిక్ ఎదుట, అమ్మను చూడని ఆ పిల్లలు నిలిచారు. తన ముగ్గురు కుమార్తెలు కెనడాలో తండ్రి లేక పెరుగుతుండగా ఆయన ఈ పిల్లలకు అంకుల్ ఎరిక్ అయ్యారు.

పెద్దలకు శిబిరములో పనులున్నాయి. వంటశాల, బొగ్గు, నీటి పంపు. ఎదుగుతున్న యౌవనస్థులకు బడి ముగిసిన తరువాత సాయంకాలములు ఖాళీ. ఏమియు తోచక కొందరు చెడు త్రోవ పట్టుచున్నారని పెద్దలు కంగారుపడ్డారు. కొందరు కోపపడి నియమములు పెట్టమన్నారు. ఎరిక్ మాత్రము వారి మధ్యకు వెళ్ళి కూర్చున్నారు. ఆ శిబిరములోనే ఉండి, తరువాత వేదాంత పండితుడుగా పేరు పొందిన లాంగ్డన్ గిల్కీ తన గ్రంథములో ఈ సంగతి వ్రాశారు. సాయంకాలము ఆటల గదిలో చదరంగపు బల్లమీదనో, చిన్న పడవ బొమ్మమీదనో వంగి పిల్లలతో లీనమైయున్న ఆయనను తరచుగా చూచేవాడట.

పగలు ఆయన గణితము, విజ్ఞాన శాస్త్రము చెప్పారు. ప్రయోగశాల లేదు గనుక రసాయన శాస్త్ర పరికరముల బొమ్మలను తన చేతితో గీసి పిల్లలకు పుస్తకము తయారు చేశారు. విరిగిన హాకీ కర్రలకు దుప్పటి గుడ్డలు చింపి కట్టారు. ముసలివారికి బొగ్గు, నీళ్ళు మోశారు. ఇన్ని పనులకు బలము ఎక్కడిదనగా, తెల్లవారుజామున గదిలోని వారందరు నిద్రించుచుండగా, ఒక మిత్రునితో కలిసి వేరుశనగ నూనె దీపము ముందు బైబిలు చదివి ప్రార్థించేవారు. దినచర్య ఆ దీపముతో మొదలయ్యేది.

ఆదివారపు ఆట

ఇక్కడ ఒక సంగతి జరిగినది. శిబిరములో కూడ ఆదివారము ఆటలు నిర్వహించనని ఎరిక్ ముందే చెప్పారు. ఒలింపిక్ బంగారమునే కాదనుకున్న మనిషికి అది వింత కాదు. అయితే కొందరు యౌవనస్థులు ఒక ఆదివారము తామే హాకీ ఆట పెట్టుకున్నారు. రిఫరీ లేనందున ఆట కాస్తా కొట్లాటగా ముగిసినది. తరువాతి ఆదివారము ఎరిక్ మైదానమునకు వచ్చి, ఎవరినీ మందలింపక, తానే రిఫరీగా నిలిచారు.

సంఘస్థులు దీనిని ఆలోచించవలెను. పారిస్‌లో విడువని నియమమును వెయ్‌షియన్‌లో విడిచెనా? మేము అట్లు గ్రహించుట లేదు. పారిస్‌లో ఆదివారమును ఆచరించుటకు ఆయన చెల్లించిన వెల తన సొంత పతకము, తన సొంత పేరు. వెయ్‌షియన్‌లో ఆ వెల చెల్లించవలసినవారు తల్లిదండ్రులు దగ్గర లేని పిల్లలు. తన కొరకు అయితే ఆయన ఏ ఆదివారమును పరుగెత్తి యుండరు. పిల్లల కొరకు మైదానములో నిలిచారు. ప్రభువు దినము మనకు ముఖ్యము కాదని దీని అర్థము కాదు. గొఱ్ఱె గుంటలో పడియుండగా విశ్రాంతి దినమున ఏమి చేయవలెనో మన ప్రభువే బోధించియున్నాడు.

శత్రువుల కొరకు ప్రార్థన

బైబిలు తరగతిలో ఒకసారి కొండమీది ప్రసంగము వచ్చినది. శత్రువులను ప్రేమించుట సాధ్యమేనా అని పిల్లలు వాదించుకున్నారు. కంచె దగ్గర కావలివారు కంటికి కనబడుచుండగా అది ఉత్త ప్రశ్న కాదు. తాను ఆ కావలివారి కొరకు ప్రార్థన మొదలుపెట్టితినని, దానివలన వారియెడల తన మనస్సే మారినదని ఎరిక్ చెప్పారు. ఆ మాట స్టీఫెన్ మెట్‌కాఫ్ అను పదిహేడేండ్ల విద్యార్థి హృదయములో పడినది. చలికాలములో స్టీఫెన్ చెప్పులు పాడైపోగా, ఎరిక్ తన పాత పరుగు బూట్లను బాగుచేసి అతనికిచ్చారు. అప్పటికి ఆయనకు మిగిలిన ఆయుష్కాలము మూడు వారములు.

కడవరి దినములు

తలనొప్పి బాధించుచుండగా అది అధిక శ్రమవలన కలిగిన నీరసమని మొదట తలంచారు. నిజమునకు అది మెదడులో గడ్డ. 1945 ఫిబ్రవరి 21న శిబిరపు ఆసుపత్రిలో, సియావోచాంగ్‌లో తనతో పనిచేసిన నర్సు ఆనీ బ్యూకన్ ప్రక్కన ఉండగా ఆయన ప్రభువునందు నిద్రించారు. ఆ దినముననే భార్యకు ఉత్తరము పంపారు. వయస్సు 43 సంవత్సరములు. సమాధి దినమున పిల్లలు దారికి ఇరువైపుల వరుసగా నిలిచారు. పెట్టె మోసినవారిలో స్టీఫెన్ కూడ ఉన్నాడు, ఆ బూట్లతోనే. ఆరు నెలలు నిండకముందే, ఆగస్టు 17న, శిబిరము విడుదల పొందినది. 1952లో స్టీఫెన్ మిషనెరీగా వెళ్ళినది మరే దేశమునకో కాదు, జపానుకే.

మన శిబిరములకు పాఠము

ఎరిక్ లిడిల్ ఆ శిబిరములో పెద్ద ఉజ్జీవ కూటములు జరిపించలేదు. తన సమయమును పిల్లలకిచ్చారు. మన వేసవి శిబిరములలో కౌన్సిలరుగా ఉండ గోరువారు మొదట ఇది నేర్చుకొనవలెను. చిన్ననాటి దుఃఖము ఏదైనను ఉంటే దానిని దాచిపెట్టక, అట్టి దుఃఖములో ఉన్న పిల్లవానిని అర్థము చేసుకొనుటకు వాడవలెను. పిల్లలు లేవకముందే లేచి ప్రార్థించవలెను. ఆటలో ఓడి అలిగినవాని దగ్గర, హాస్టలు విడిచి ఇంటికి పోవుటకు ఇష్టము లేని అమ్మాయి దగ్గర, పాట రాక వెనుక వరుసలో కూర్చున్నవాని దగ్గర కూర్చొనవలెను. అట్టివారు ప్రతి శిబిరములో ఉన్నారు.

సంఘ పెద్దలకు కూడ ఒక మనవి. అందరిని మోయు మనిషి అలసిపోయినప్పుడు ఆ అలసట చుట్టుప్రక్కల వారికి త్వరగా తెలియదు. మన యువజన సేవకులకు శిబిరము ముగిసిన తరువాత విశ్రాంతినియ్యండి, వారి కుటుంబములను కనిపెట్టండి. కౌన్సిలర్లను ఆఖరు వారములో కాక ముందుగానే ఎన్నుకొని, వారితో కూర్చొని ప్రార్థించండి.

మన అధ్యక్ష ఖండము రెండవ నూరేండ్లలో అడుగుపెట్టుచుండగా, చదరంగపు బల్లమీద వంగి ఒక పిల్లవాని మాట వినుటకు తీరిక గల సేవకులను ప్రభువు మన ప్రతి సంఘములో లేపును గాక.