నిధి ద్వీపకర్త స్టీవెన్సను

ఒంటికాలి దొంగ, వాని భుజముపై పలుకునట్టి చిలుక, గుర్తులు పెట్టిన పటము, భూమిలో పాతిపెట్టిన ధనము - ఇవి సముద్రపు దొంగల చలనచిత్రములలో తఱచుగా కనబడుచుండును. వీనిని లోకమునకు పరిచయము చేసిన కథ 'ట్రెజర్ ఐలండు', అనగా నిధి ద్వీపము. దానిని రచించినవాడు నావికుడు కాడు. జీవితమున చాలభాగము రోగశయ్యపై గడపిన రాబర్టు లూయీ స్టీవెన్సను.

అతడు 1850వ సంవత్సరము నవంబరు 13వ తేదీన స్కాట్లండునందలి ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి థామస్ స్టీవెన్సను దీపస్తంభములను నిర్మించు ఇంజనీరు. తాత, సముద్రపు పోటునకు మునిగిపోవు బెల్ రాక్ అను బండపై దీపస్తంభమును నిలిపి కీర్తి గాంచెను. ఆ కుటుంబమువారి శ్రమవలన ఎందఱో నావికులు ప్రాణములతో తీరము చేరిరి. ఏకైక పుత్రుడగు లూయీ కూడ ఆ వృత్తినే చేపట్టవలెనని తండ్రి కోరిక.

కాని లూయీ బాల్యమునుండియు శ్వాసకోశవ్యాధిచే బాధపడుచుండెను. చలికాలపు రాత్రులలో దగ్గుచు నిద్రలేక యుండగా, దాది ప్రక్కన కూర్చుండి కథలు వినిపించెడిది. ఆ కథలే అతనికి లోకమైనవి. 1867లో విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు విద్యకై చేరెను గాని మనసు నిలువలేదు. 1871లో తాను రచయిత కాగోరుచున్నట్లు తండ్రికి తెలిపెను. తండ్రి ఆశలు భగ్నమయ్యెను. జీవనోపాధికై న్యాయశాస్త్రమైనను చదువవలెనని ఆయన పట్టుపట్టగా, లూయీ అంగీకరించి 1875లో న్యాయవాది యయ్యెను. కాని ఆ వృత్తిని సాగింపలేదు. తండ్రికొడుకుల నడుమ అభిప్రాయభేదములు పెరిగెను.

1880లో స్టీవెన్సను ఫానీ అను అమెరికా వనితను వివాహమాడెను. ఆమెకు పూర్వవివాహమువలన కలిగిన కుమారుడు లాయిడ్. 1881 వేసవిలో వారందఱును స్కాట్లండునందలి బ్రేమార్ గ్రామమున బస చేసిరి. వాన విడువకుండెను. బయటికి పోవ వీలులేక బాలుడు బొమ్మలు వేసికొనుచుండగా, స్టీవెన్సను కూడ కుంచె పట్టి ఒక ద్వీపపు పటమును చిత్రించెను. ఆ పటమును చూచుచుండగానే కథ అతని మనసున మెదలెను. దినమునకొక ప్రకరణము చొప్పున వ్రాసి యింటివారికి చదివి వినిపింపసాగెను.

అచ్చటికి వచ్చిన తండ్రియు ఆ కథకు శ్రోత యయ్యెను. వృద్ధుడయ్యు బాలునివలె ఉత్సాహపడెను. కథలోని నావికుని పెట్టెలో నేయే వస్తువులుండవలెనో తానే జాబితా వ్రాసి యిచ్చెను. దొంగల ఓడకు వాల్రస్ అను పేరు పెట్టించెను. కుమారుని రచనావ్యాసంగమును అంగీకరింపలేకపోయిన తండ్రి, ఆ రచనలోనే పాలుపంచుకొనెను!

తరువాత కథ నడుమ ఆగిపోయెను. చికిత్సకై స్విట్జర్లండులోని డావోస్ చేరిన పిమ్మట స్టీవెన్సను దానిని పూర్తి చేసెను. బాలుర పత్రికలో ప్రచురింపబడినప్పుడు అది అంతగా ఆదరణ పొందలేదు. 1883లో గ్రంథరూపమున వెలువడినంతనే ప్రఖ్యాతి గాంచెను.

ఈ కథ పలుమాఱులు చలనచిత్రముగా రూపొందినది. వానిలో విక్టర్ ఫ్లెమింగ్ దర్శకత్వమున 1934లో వచ్చినదియు, డిస్నీ సంస్థ 1950లో నిర్మించినదియు చూడదగినవి. రెండవదానిలో లాంగ్ జాన్ సిల్వర్ అను దొంగగా నటించిన రాబర్ట్ న్యూటన్ పలికిన తీరునే తరువాతి నటులెందఱో అనుకరించిరి. చిత్రమును చూచినవారు గ్రంథమును కూడ చదువవలెను. అందు దొంగల చేతికి చిక్కిన జిమ్ అను బాలుడు పాఱిపోనని మాట యిచ్చును. వైద్యుడు పాఱిపొమ్మని ప్రోత్సహించినను మాట తప్పడు. పాతిన బంగారముకంటె ఆ గుణమే విలువైనది.

ఆరోగ్యమునకై స్టీవెన్సను 1888లో పసిఫిక్ మహాసముద్రమున ప్రయాణమై, 1890లో సమోవా దీవులలో స్థిరపడెను. అచ్చటివారు అతనిని తుసిటాలా, అనగా కథలు చెప్పువాడు, అని పిలిచిరి. రాజకీయ కలహములలో చెఱసాల పాలైన నాయకులకు అతడు ఆహారము మొదలగునవి అందించి ఆదుకొనెను. విడుదలైన పిదప వారు కృతజ్ఞతతో అతని యింటికి బాట వేసిరి. 1894 డిసెంబరు 3వ తేదీన, తన 44వ యేట, అతడు మరణించెను. సమోవా ప్రజలు అడవి నఱకి త్రోవ చేసి, శవపేటికను భుజములపై మోసికొనిపోయి వేయా పర్వతశిఖరమున సమాధి చేసిరి.

తాతతండ్రులు నావికులకు దారి చూపు దీపములను నిలిపిరి. దుర్బలదేహుడగు స్టీవెన్సను, మంచము విడువలేని బాలురకు సైతము సముద్రయానమును ప్రసాదించెను. తనకు సాధ్యమైన పనిని శ్రద్ధతో చేసినవాని జన్మ సార్థకము.