హెన్రీ ఫోర్డు: బండి చేసినవాడు, మార్పునకు ఒప్పనివాడు

సంతకు కూరగాయల గంపలను మోసికొని వచ్చు చిన్న సరకుబండిని చూడని విద్యార్థి యుండడు. ముందు ఇద్దరు కూర్చుండుటకు చోటు, వెనుక కప్పులేని తొట్టి. దానినే పికప్ అందురు. దాని పుట్టుకలో నొక మనిషి కథ యిమిడియున్నది. అతడు ఆ బండిని మొదట తలపెట్టినవాడు కాడు. తాను చేసిన కారును పల్లెప్రజలు కోసి, అతికి, మార్చి చూపగా, చాల ఆలస్యముగా అంగీకరించినవాడు. అతడే హెన్రీ ఫోర్డు.

ఫోర్డు 1863వ సంవత్సరము జూలై 30వ తేదీన అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున, డియర్‌బార్న్ సమీపమున నొక రైతు ఇంట జన్మించెను. తండ్రి విలియం 1847లో, ఐర్లండు కరవు దినములలో, వలస వచ్చి పొలము సంపాదించుకొన్నవాడు. పెద్దకొడుకు తనవలెనే సేద్యము చేయునని అతని ఆశ. కొడుకునకు నాగలి యన్న విసుగు, మర యన్న ప్రాణము. గడియారము చేత చిక్కిన విప్పును. విప్పినదానిని మరల బిగించును. పనిముట్టు లేకున్న ఒక మేకును అరగదీసి దానితోనే మరలు త్రిప్పును. 1876లో తల్లి మేరీ మరణించెను. ఆ యేడే తండ్రితో బండిలో పోవుచుండగా, గుర్రములు లేకుండ తనంత తాను బాటపై నడచివచ్చు ఆవిరియంత్ర మొకటి ఎదురయ్యెను. పండ్రెండేండ్ల బాలుడు బండి దిగి పరుగెత్తి, యంత్రము నడపువానిని ప్రశ్నలతో ముంచెత్తెను.

1879లో ఇల్లు విడిచి డెట్రాయిట్ చేరెను. పగలు యంత్రశాలలో పని. వారమునకు రెండున్నర డాలర్ల కూలి. అది బసకే చాలదు గాన రాత్రులందు గడియారములు బాగుచేసెను. కొన్నాళ్లకు పల్లెకు తిరిగివచ్చి, రైతుల పొలములలో ఆవిరియంత్రములను నడపుచు, వాని మరమ్మతులు చేయుచు తిరిగెను. చెడిన యంత్రము నెదుట నిలువబడి, పగలు వృథా యగుచున్నదని దిగులుపడు రైతు ముఖమును అతడు ఆ దినములలోనే ఎరుగును. 1888లో క్లారా బ్రయంట్‌ను వివాహమాడెను. 1891లో దంపతులు మరల డెట్రాయిట్ చేరిరి. ఫోర్డు ఎడిసన్ విద్యుత్ కంపెనీలో ఉద్యోగి యయ్యెను.

1893 డిసెంబరులో, క్రిస్మస్ ముందునాటి రాత్రి, గొట్టపుముక్కతోను పాత లేతుచక్రముతోను తాను కూర్చిన చిన్న ఇంజనును వంటింటి తొట్టికి బిగించెను. పండుగ వంటలో నున్న క్లారా పని మాని, బొట్టుబొట్టుగా పెట్రోలు పోసెను. ప్రక్కగదిలో కొన్ని వారముల శిశువు ఎడ్సెల్ నిద్రించుచుండెను. ఇంజను దడదడలాడి తిరిగెను. పిమ్మట రెండున్నర యేండ్లకు, 1896 జూన్ 4వ తేదీ తెల్లవారుజామున, నాలుగు సైకిలుచక్రముల బండి పూర్తియయ్యెను. అప్పుడుగాని కొట్టపు తలుపు బండికంటె ఇరుకని తెలియలేదు! ఫోర్డు గొడ్డలి పట్టి ఇటుకగోడను పగులగొట్టి బండిని వీధిలోనికి తెచ్చెను. ముందు కొలుచుకొనక పని మొదలిడుట మన పిల్లలకే కాదు, మహాయంత్రవేత్తలకును కలదు.

1899లో ధనికులు కొందరు పెట్టుబడి పెట్టగా ఒక కంపెనీ నెలకొల్పెను. అది మొదట చేసిన వాహనము సరకులు చేరవేయు బండియే. కాని బండి బరువు హెచ్చు, వేగము తక్కువ, నమ్మకము లేదు. కంపెనీ మూతపడెను. రెండవ కంపెనీ నుండి తానే వెడలిపోయెను. 1903 జూన్‌లో స్థాపించిన మూడవది ఫోర్డు మోటారు కంపెనీ.

1908 అక్టోబరులో వెలువడిన మోడల్ టి కారే అతని జీవితమునకు ముఖ్యఘట్టము. నాలుగు సిలిండర్లు, ఇరువది గుర్రముల శక్తి. ఇరుసులకు, గేర్లకు వెనేడియం ఉక్కు వాడిరి. తేలిక, గట్టితనము రెండును దాని గుణములు. చట్రము నేలకు ఎత్తుగ నుండుటచే గతుకుల బాటలందును కడుపు తగులదు. పెట్రోలు పంపు లేదు. తొట్టినుండి తానే క్రిందికి జారవలెను. అందుచే పెట్రోలు తక్కువయిన వేళ నిటారుమెట్టను వెనుకకు త్రిప్పి ఎక్కించెడివారు. సిలిండరు మూతను ఊడదీయవచ్చును గాన, ఇంజను లోపల పేరుకొన్న మసిని రైతు తానే గోకి తీసికొనెను. మెకానికును వెదకికొని పోవలసిన పని లేదు. కొద్దిపాటి పనిముట్లు, ఓపిక యున్న చాలును. తొలుత 850 డాలర్లయిన వెల ఏటేట తగ్గుచు 300 డాలర్లకు లోపడెను.

ఈ కారు పల్లెలు చేరినపిమ్మట జరిగిన వింతను ఫోర్డు ఊహించియుండడు. రైతులు వెనుక చక్రమొకదానిని పైకెత్తి, పట్టా తగిలించి, కట్టెలు కోసిరి, నీరు తోడిరి, ధాన్యము విసరిరి. మంచు ప్రదేశములవారు ముందుచక్రముల చోట జారుపట్టెలు బిగించిరి. మరికొందరు దున్నుటకు వీలుగా పెద్ద ఇనుపచక్రములు వేసిరి. పెక్కుమంది వెనుకసీటును కోసివేసి చెక్కపెట్టె నమర్చి, పాలబిందెలను, గడ్డిమోపులను సంతకు తోలిరి. బరువు పెరిగినకొలది స్ప్రింగు పట్టెలు విరిగెను. వారు అదనపు పట్టెలు చేర్చిరి. మొదటి బ్రేకు గేరుపెట్టెలోనే యుండుటచే బరువుబండి పల్లమున ఆగదు; ఇతర కంపెనీలు వెనుక చక్రములకు వేరు బ్రేకులు చేసి అమ్మెను. బండి మోయుభారమును పెంచినవాడు ఆపుశక్తినిగూడ పెంచవలెనన్న నియమము నేటి పికప్పులకును చెల్లును.

ఇచ్చట చట్రమునుగూర్చి కొంత చెప్పవలెను. మోడల్ టి అడుగున రెండు పొడవైన ఉక్కుదూలములను అడ్డపట్టెలతో కలిపి రివెట్లు కొట్టిరి. దూలములు కాలువవలె వంచినవి. బురద అందు చేరి తేమను పట్టియుంచును. ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు కలిసినచోట త్రుప్పు పుట్టును. ఉప్పు తోడైన మరింత త్వరగా ప్రాకును. సముద్రపుగాలి సోకు ఊళ్లలో కిటికీచువ్వలు ఎట్లు తినిపోవునో చూచినవారికి ఇది విశదము. ఇంజను చెడిన మార్చవచ్చును, చక్రము విరిగిన వేరొకటి తగిలించవచ్చును. అన్నిటిని మోయు చట్రమే త్రుప్పుతినిన యెడల బండి లేనట్లే. ఫోర్డు కర్మాగారమున లోహభాగములకు నల్లని ఎనామెల్ రంగు పట్టించి వేడిగదులలో ఆరబెట్టెడివారు. 1914 మొదలు 1925 వరకు ఆ కార్లకు నలుపుతప్ప వేరురంగు లేదు. చవక, మన్నిక అను రెండు గుణములు దానికి గలవు. అయినను రంగు పెచ్చూడినచోట, పెట్టె బిగించుటకు రంధ్రము తొలిచినచోట త్రుప్పు చొరబడును. తెలిసిన యజమాని వర్షకాలము ముగియగనే బండి అడుగున కడిగి, ఆరనిచ్చి, త్రుప్పును తెల్లని లోహము కనబడువరకు గోకి, ముందుగా రెడ్ ఆక్సైడు, దానిపై గట్టిరంగు వేయును. నీరు జారు తూములను మూయడు. వాడిన ఇంజనునూనెను చట్రమునకు పూయుట పాతవారి వాడుక. అది నేలను, బావినీటిని చెరచును గాన నేడు మైనము కలిసిన పూతలు మేలు.

ఇట్లు ప్రజలు తన బండిని నూరువిధముల మార్చుకొనుచుండగా, ఫోర్డు మాత్రము దానిని ముట్టనీయలేదు. 1912లో అతడు ఐరోపా పోయి తిరిగివచ్చునప్పటికి, సహచరులు మెరుగుపరచిన నమూనాకారు నొకదానిని సిద్ధము చేసి సంతోషముతో చూపిరి. అతడు మౌనముగా దానిచుట్టు తిరిగి, తలుపు లాగి ఊడబెరికి, కారును అక్కడికక్కడే ధ్వంసము చేసెనని కర్మాగారమువారు చెప్పుకొనిరి. గడియారము విప్పిన బాలుడు ఏమయ్యెనో!

1913లో హైలాండ్ పార్క్ కర్మాగారమున, పని మనిషివద్దకే వచ్చునట్లు కదలు వరుసను ఏర్పరచెను. పండ్రెండున్నర గంటలు పట్టిన చట్రపు కూర్పు కొద్ది నెలలలో గంటన్నరకు దిగెను. పని విసుగై కూలీలు నిలువకుండుటచే, 1914 జనవరిలో దినమునకు ఐదు డాలర్ల వేతనము ప్రకటించెను. గంటలు తొమ్మిదినుండి ఎనిమిదికి తగ్గించెను. లోకము ఆశ్చర్యపడెను. కాని ఆ వేతనమునకు షరతులు గలవు. కంపెనీ మనుష్యులు కూలీల ఇండ్లకు పోయి వారి నడవడిని విచారించెడివారు. వలసవచ్చిన కూలీలు కంపెనీ బడిలో ఇంగ్లీషు నేర్వవలెను. ఆ బడి పట్టప్రదానమున పెద్ద కొప్పెరనొకటి వేదికపై నిలిపిరి. కూలీలు తమతమ దేశముల దుస్తులతో అందు దిగి, అమెరికా దుస్తులు ధరించి, జెండాలు పట్టి పైకి రావలెను. క్రొత్త దేశపు భాష నేర్చుట అవసరమే. అందులకు తల్లిభాషను కొప్పెరలో విడిచిరావలెనా? ఇంట నొకభాష, వీధిలో నొకభాష మాటలాడు మన తల్లిదండ్రులు దీనిని ఆలోచింతురుగాక. ఫోర్డు తండ్రియు వలసవచ్చినవాడే కదా.

అతని దోషములను కప్పిపుచ్చుట చరిత్ర కాదు. 1920 నుండి తన పత్రికలో యూదులపై ద్వేషము వెదజల్లెను. 1927లో క్షమాపణ పత్రము వెలువరించెను. అయినను 1938లో హిట్లరు ప్రభుత్వము పంపిన పతకమును స్వీకరించెను. 1937లో సంఘము కట్టుకొనుటకు వచ్చిన కార్మికనాయకులను అతని మనుష్యులు కొట్టిరి. 1941లోగాని సంఘమును గుర్తింపలేదు.

బండి విషయమున ప్రజలే గెలిచిరి. 1917లో ఒక టన్ను మోయు మోడల్ టిటి చట్రమును 600 డాలర్లకు అమ్మెను. పైపెట్టెను కొన్నవాడే కట్టించుకొనవలెను. 1925లో, రైతులు ఎన్నో యేండ్లుగా తమంత తాము చేసికొనుచున్నదానినే, కర్మాగారము తానై చేసి అమ్మెను. నాలుగడుగుల ఎనిమిదంగుళముల పొడవుగల ఉక్కుతొట్టి, వెనుక తెరచుకొను పలక, వెల 281 డాలర్లు. ఫోర్డు కంపెనీ పికప్పులకు ఇది మొదటిది.

అప్పటికి కాలము మారినది. ఎడ్సెల్ 1919 నుండి కంపెనీకి అధ్యక్షుడు, పేరునకు మాత్రమే. కారును మార్చవలెనని కొడుకు, వలదని తండ్రి. అమ్మకములు తగ్గిపోగా, కోటి యేబదిలక్షల కార్లు చేసినపిమ్మట 1927 మేలో మోడల్ టి నిలిచెను. నెలల తరబడి కర్మాగారము మూసి క్రొత్తకారునకు సిద్ధపడవలసివచ్చెను. ద్రవపీడనముతో పనిచేయు బ్రేకులను, ఇతరులు వాడిన చాల యేండ్లకు, 1939 కార్లకుగాని ఒప్పుకొనలేదు. 1943లో ఎడ్సెల్ తండ్రికంటె ముందే మరణించెను. వంటింటి ఇంజను మ్రోగిన రాత్రి ప్రక్కగదిలో నిద్రించిన శిశువు అతడే.

1947 ఏప్రిల్ 7వ తేదీన రూజ్ నదికి వరద వచ్చెను. ఆ దినమున ఫోర్డు కారులో పోయి వరదనీటిని చూచివచ్చెను. ఇంటి విద్యుత్తు నిలిచెను, టెలిఫోను పనిచేయలేదు. ఆ రాత్రి, ఎనుబదిమూడవయేట, క్రొవ్వొత్తుల వెలుతురున, క్లారా చెంత నుండగా ఆయన కన్నుమూసెను.