ఫించి పండితుని నూగుకోటు

మన పాఠశాలకు చుట్టునున్న మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి ప్రాంతములయందు నడివేసవిలో సైతము చలిజాకెట్టు తొడిగికొని పోవు ఉద్యోగులు పెక్కురు కానవత్తురు. వారి చలి ఆకాశమునుండి దిగినది కాదు, కార్యాలయములలోని శీతలయంత్రములనుండి పుట్టినది. అట్టి చలికి ఏ జాకెట్టయినను చాలును. కాని సెలవులలో హిమాలయ పర్వతపాదములకు నడకయాత్రలు పోవు బాలబాలికలకు, వానకాలమున అనంతగిరి కొండలెక్కు ఉత్సాహవంతులకు, మార్గశిర పుష్యమాసములలో లంబసింగి మంచును చూడబోవు కుటుంబములకు అంగడిలో కంటికింపైన దానిని తెచ్చికొనిన చాలదు. పిల్లవానికి ఎట్టి జాకెట్టు కొనవలెనని తల్లిదండ్రులు మమ్ము తరచుగా అడుగుచున్నారు. అందులకు సమాధానముగా ఒక మహనీయుని చరిత్రమును చెప్పదలచితిమి. ఆ చరిత్రములో సమాధానము చాలవరకు ఇమిడియున్నది. చాలని దానిని మేము చేర్చెదము.

జార్జి ఇంగిల్ ఫించి క్రీ. శ. 1888 వ సంవత్సరము ఆగస్టు నెలలో ఆస్ట్రేలియా ఖండమున న్యూ సౌత్ వేల్సు రాష్ట్రమందలి ఆరెంజి పట్టణ సమీపమున జన్మించెను. ఆయన బాల్యము గొఱ్ఱెల మందలు తిరుగాడు విశాలమైన బయళ్లలో గడచెను. పిమ్మట కుటుంబము ఐరోపాకు తరలిపోయెను. యువకుడైన ఫించి స్విట్జర్లాండు దేశమందలి జూరిచి నగర సాంకేతిక విద్యాలయమున రసాయనశాస్త్రము నభ్యసించెను. వారమంతయు ప్రయోగశాలలో గాజుగొట్టములతో కాలము గడపి, సెలవు దొరకినంతనే తమ్ముడు మాక్సుతో కూడి ఆల్ప్సు పర్వతములెక్కుట ఆయనకు నిత్యకృత్యమయ్యెను. ధనికులైన ఆంగ్లేయులు ఆ కాలమున కూలికి మార్గదర్శకులను వెంటగొని కొండలెక్కుచుండిరి. ఈ సోదరులు మాత్రము తమ కాళ్లను, తమ తెలివిని నమ్ముకొని పోవుచుండిరి. మంచు ఎప్పుడు జారును, గాలి ఎటు తిరుగును, దేహములోని వేడి ఏ త్రోవను బయటపడును అను విషయములను ఫించి ఇచటనే స్వానుభవమున నేర్చికొనెను.

1913 లో ఆయన లండను నగరమందలి ఇంపీరియలు కళాశాలలో చేరెను. మొదటి ప్రపంచ సంగ్రామమున సైన్యములో పనిచేసి సలోనికా రంగమునకు పోయివచ్చెను. 1921 లో ఎవరెస్టు శిఖరమును పరిశీలించుటకు బయలుదేరిన ప్రథమ బృందమునకు ఎన్నికయ్యును, వైద్యపరీక్ష మిషతో తొలగింపబడెను. మిష అని మేము వ్రాయుటకు కారణము కలదు. ఆయన బృందనాయకులవలె ఆక్సుఫర్డులోనో కేంబ్రిడ్జిలోనో చదివినవాడు కాడు, వలసరాజ్యమున పుట్టినవాడు, జర్మను భాష ధారాళముగా మాటలాడువాడు, తోచినదానిని దాచక చెప్పువాడు. ఇట్టివారిని గౌరవించుట పెద్దల సభలకు ఎల్లకాలము కష్టమే.

మరుసటి సంవత్సరము ఆయన లేనిదే పని జరుగదని తేలెను. ప్రాణవాయువును ఉక్కుబుడ్లలో నింపి వీపున మోసికొనిపోవు యంత్రము ఆయన పర్యవేక్షణమున సిద్ధమయ్యెను. ఆ యంత్రముతో పాటు ఆయన మరియొక వస్తువును తనకొఱకు కుట్టించికొనెను. ఈ వ్యాసమునకు అదియే ముఖ్యము.

ఆనాటి ఇతర పర్వతారోహకులు పట్టుచొక్కా, ఉన్నిచొక్కాలు ఒకదానిపై నొకటి తొడిగి, వానిపై గాబర్డీను అను దట్టమైన నేత అంగీ ధరించుచుండిరి. ఇది తీసివేయదగిన పద్ధతి కాదు. మాలొరీ ధరించిన దుస్తుల మాదిరిని 2006 లో తిరిగి కుట్టించి ఎవరెస్టు దిగువన తొడిగి చూచినవారు అవి చాలవరకు చక్కగా పనిచేసినవనియే తెలిపిరి. అయినను ఫించి రసాయనవేత్త గనుక ప్రశ్నను మొదటినుండి విడదీసెను. వెచ్చదనము నిచ్చునది ఉన్నియా? కాదు, ఉన్ని పోగుల నడుమ చిక్కుకొనిన కదలని గాలి. అట్లయిన, తక్కువ బరువుతో ఎక్కువ గాలిని బంధించు పదార్థమేది? ఉత్తర సముద్రతీరములలో ఈడరు అను బాతు తన రొమ్ముననున్న నూగును పెరికి గూటిలో పఱచి గ్రుడ్లను కాపాడుకొనును. ఆ నూగు పిడికెడు పట్టిన లేనట్లుండును. విడిచిన వెంటనే పొంగును. ఆ నూగును, గాలి చొరకుండ వాయుగోళములకు వాడు పలుచని గుడ్డలో నింపి మోకాళ్లవరకు వచ్చు కోటును ఆయన కుట్టించెను. ఆ కోటును చూచి తోడివారు నవ్విరి. పెద్దమనుష్యులు పఱుపును తొడిగికొని కొండకు పోవుదురా యని వారి భావము కాబోలును. టిబెట్టు పీఠభూమి గాలి ఎముకలు కొఱికిన తరువాత ఆ నవ్వు చల్లబడినది.

1922 మే నెల 21 వ తేదీని మాలొరీ, నార్టను, సామర్వెలు అనువారు ప్రాణవాయువు లేకయే దాదాపు 27,000 అడుగుల ఎత్తునకు పోయి మరలిరి. (ఈ సామర్వెలు వైద్యుడే తరువాత తిరువాన్కూరు సంస్థానమందలి నెయ్యూరు మిషను వైద్యశాలలో చిరకాలము రోగులను సేవించెను.) పిమ్మట ఫించి వంతు వచ్చెను. ఆయన వెంట జాఫ్రీ బ్రూసు అను సేనాధికారి, తేజ్‌బీర్ బురా అను గూర్ఖా సైనికుడు బయలుదేరిరి. బ్రూసు అంతకు పూర్వము కొండలెక్కినవాడే కాడు.

25 వ తేదీని 25,500 అడుగుల ఎత్తున ఉత్తరపు గట్టుపై చిన్న గుడారము వేసికొనిరి. ఆ రాత్రి పెనుగాలి లేచినది. గుడారము ఎగిరి అగాధమున పడకుండ ముగ్గురును రాత్రియంతయు దాని అడుగుగుడ్డను దేహభారముతో అదిమిపట్టిరి. మఱునాటి మధ్యాహ్నమునకు గాలి తగ్గెను గాని ఆహారము తఱిగెను. సాయంకాలమున క్రింది విడిదినుండి షెర్పా కూలీలు వేడి తేనీటి కూజాలు మోసికొని గుడారము కడకు వచ్చిరి. ఆరోహకుల పేర్లు గ్రంథములకెక్కినవి. ఆ తేనీరు మోసినవారి పేర్లు ఎక్కలేదు. రెండవ రాత్రి చలి అవయవములను మొద్దుబార్చుచుండగా ఫించి ప్రాణవాయువును కొంచెము కొంచెముగా మువ్వురిచేత పీల్పించెను. దేహములు వెంటనే వేడెక్కి నిద్ర పట్టినది. (పొగచుట్ట త్రాగుట ఎత్తులలో ఊపిరికి మేలుచేయునని కూడ ఆయన నమ్మెను. ఈ ఒక్క విషయమున శాస్త్రము ఆయనను విడిచిపెట్టినది. మన విద్యార్థులును విడిచిపెట్టుదురు గాక.)

27 వ తేదీ ప్రొద్దున మువ్వురును మీదికి సాగిరి. తేజ్‌బీర్ 26,000 అడుగులకు సమీపమున అలసి ఆగిపోయెను. ఫించి, బ్రూసులు 27,300 అడుగుల కెక్కిరి. అంతవరకు ఏ మానవుడును అంత ఎత్తున కాలు మోపలేదు. అచట బ్రూసు యంత్రములోని గాజుగొట్టము పగిలెను. ఫించి తన ప్రాణవాయువును మిత్రునకు పంచియిచ్చుచు ఆ గొట్టమును చక్కజేసెను. శిఖరము కన్నులయెదుట నుండెను. ఆయన ఒక్కడే ముందుకు పోదలచినచో మఱికొంత ఎక్కగలిగియుండును. కాని బ్రూసును ప్రాణములతో దింపుట సందేహమగును. ఫించి శిఖరమునకు వీపు త్రిప్పెను. ఆ నెల కష్టములన్నింటిలోను మాకు అమూల్యముగా తోచినది ఈ వెనుదిరుగుటయే. బ్రూసు పాదములు మంచుకాటు తినినవి గాని ప్రాణము దక్కెను. జూన్ 7 వ తేదీని జరిగిన మూడవ ప్రయత్నమున మంచుచరియ విఱిగిపడి ఏడుగురు కూలీలు మరణించిరి.

ఇక తల్లిదండ్రుల ప్రశ్నకు వత్తము. ఫించి చరిత్రము వినినవారు నూగుజాకెట్టే కొనవలెనని తలంతురు. అచటనే జాగ్రత్త వలయును. ఎవరెస్టు పైభాగమున చలి పొడిచలి. అచట వాన కురియదు. నూగు తడిసెనా, పోగులు ముద్దకట్టి గాలి నిలువదు, వెచ్చదనము పోవును. నీరు గాలికంటె ఇరువది రెట్లకు పైగా వేగముగా దేహపువేడిని లాగికొనును. మన పిల్లలు పోవు కొండదారులలో మంచుతోగూడిన వాన, పొగమంచు, వీపుసంచి క్రింద పట్టు చెమట ఇవియే అధికము. కనుక వారికి తడిసినను కొంత వెచ్చదనము నిలుపుకొను కృత్రిమపు నూలు నింపిన జాకెట్టు గాని, ఉన్ని స్వెట్టరు గాని మేలు. నూగుజాకెట్టును సంచిలో తడవకుండ దాచి, రాత్రి విడిదిలో తొడిగికొనవచ్చును. దేహమునకు ఆనుకొని నూలుబనియను వలదు. అది చెమటను పీల్చి విడువదు.

అన్నిటికంటె పైన నీరు చొరని అంగీ ఉండవలెను. వర్షాకాలపు సాయంకాలమున మైండ్‌స్పేసు కూడలిలో నిలిచిన మోటారుసైకిలు వారిని చూడుడు. రబ్బరు పూసిన రెయిన్‌కోటు పైవానను ఆపును, లోపలి చెమటను కూడ ఆపును. ఇల్లు చేరునప్పటికి రెండువిధముల తడియుదురు. నీటిబొట్టును ఆపి చెమట ఆవిరిని విడుచు సన్నని పొరను 1969 లో రాబర్టు గోరు అను అమెరికా దేశీయుడు కనిపెట్టెను. అట్టి పొరగల అంగీలు ఇప్పుడు పెక్కు పేర్లతో దొరకుచున్నవి, వెల మాత్రము ఎక్కువ. వెల చెల్లింపలేనివారు మామూలు రెయిన్‌కోటే కొని, ఎక్కునపుడు గుండీలు విప్పి, ఆగినపుడు మూసికొనుట నేర్పవలెను. అంగడిలో స్వెట్టరుపై తొడిగి చూడుడు. చేతులు పైకెత్తిన నడుము బయటపడరాదు. టోపీ తలతోపాటు తిరుగవలెను. కుట్టులపై లోపల పట్టీ అంటించియుండవలెను. రంగును పిల్లలు ఎన్నుకొనవచ్చును.

1924 నాటి ఎవరెస్టు బృందములో ఫించికి చోటు దొరకలేదు. ఉపన్యాసముల రాబడిని గూర్చి కార్యనిర్వాహకులతో వచ్చిన వివాదము ఒక కారణము. ఆయన మరల ఆ పర్వతము నెక్కలేదు. ఎలెక్ట్రానుల వివర్తనమును గూర్చిన పరిశోధనలకై 1938 లో రాయలు సొసైటీ సభ్యత్వమును, 1944 లో హ్యూసు పతకమును పొందెను. 1952 లో మన దేశమునకు వచ్చి పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు అధ్యక్షుడై 1957 వరకు పనిచేసెను. 1953 మే 29 న టెన్సింగు, హిల్లరీలు ప్రాణవాయుయంత్రములతో, నూగుదుస్తులతో ఎవరెస్టు నెక్కిన వార్త వెలువడునాటికి ఆ రెంటికొఱకు అపహాస్యము పాలైన మనుష్యుడు పూనాలో యువ రసాయనవేత్తల నడుమ నుండెను. ఆయనను దూరముగా నుంచిన ఆంగ్ల పర్వతారోహక సంఘమే 1959 లో ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకొనెను. 1970 నవంబరులో ఆయన మరణించెను.

2014 మే నెల 25 వ తేదీని నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మము జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ అను సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు ఎవరెస్టు శిఖరమును చేరిరి. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. వారి తొలి అభ్యాసము మనకు సమీపమున నున్న భువనగిరి బండపై జరిగినది. వారు ఎక్కినది నేపాళము వైపునుండి కాదు, టిబెట్టు వైపునుండి. ఫించి, బ్రూసు, తేజ్‌బీర్‌లు గుడారపు గుడ్డను అదిమిపట్టి రెండు రాత్రులు గడపిన ఆ ఉత్తరపు గట్టు మీదుగనే వారు నూగుదుస్తులు ధరించి పైకి పోయిరి.