తిక్కన ఊళ్ళో పుట్టిన పఠాభి

నెల్లూరు పేరెత్తగానే బడిలో మనకు మొదట చెప్పేది తిక్కన సోమయాజి గురించే. భారతంలో పదిహేను పర్వాలు తెలుగైన ఊరు మనది. బోర్డు మీద పద్యపాదం రాసి, గురువు లఘువు గుర్తులు పెట్టి గణాలు విడగొట్టమంటే తెల్లమొహం వేసినవాళ్ళు ఈ సంచిక చదివేవారిలో చాలామందే ఉంటారు. ఆ నెల్లూరులోనే 1919 ఫిబ్రవరి 19న పుట్టిన కుర్రవాడొకడు ఇరవయ్యేళ్ళ వయసులో ఆ గణాల మీదే కత్తి దూశాడు. ఆయనే తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. కవిత్వానికి పెట్టుకున్న పేరు పఠాభి. సొంత పేరులోని అక్షరాన్ని కూడా ఉన్నచోట ఉండనివ్వని మనిషి!

ఊళ్ళో పేరున్న కలవారి కుటుంబం. శాంతినికేతన్‌లో, కలకత్తాలో చదివారు. తర్వాత అమెరికా వెళ్ళి కొలంబియా విశ్వవిద్యాలయంలోనూ చదువుకున్నారు. ఆస్తి చూసుకుంటూ హాయిగా కాలం గడపడానికి ఏ అడ్డూ లేదు. ఆయన ఆ దారిన పోలేదు.

1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ వచ్చింది. పేరులోనే ఫిడేలు ఉంది, డజన్ ఉంది. పద్యానికి వాడరాదనుకున్న మాటలను ఆయన వెతికి మరీ తెచ్చారు. మద్రాసు వీధులు, నగరపు రాత్రులు, పట్నవాసపు మోజులు అన్నీ అందులోకి వచ్చాయి. ఛందస్సు మీదా వ్యాకరణం మీదా నవ్వుతూనే యుద్ధం ప్రకటించారు. పండితులకు మండింది. శ్రీశ్రీ మాత్రం మెచ్చి ముందుమాట రాశారు. ఇక్కడొక సంగతి గుర్తుంచుకోవాలి. ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చింది 1950లో. అంటే వచన కవిత అనే మాట మన వాచకాల్లోకి రాకముందే నెల్లూరు యువకుడి పుస్తకం జనం చేతుల్లో ఉంది. అందులోని పద్యాలన్నీ ఇప్పటికీ నిలుస్తాయని నేననను. కొన్ని కేవలం అల్లరి. ఆ అల్లరి లేకపోతే తర్వాతివాళ్ళకు అంత చొరవ వచ్చేదా అన్నది నా అనుమానం.

తర్వాత సినిమా. జయంతి పిక్చర్స్ నిర్మాతల్లో ఒకరిగా, కె.వి.రెడ్డి దర్శకత్వంలో 1958లో ‘పెళ్ళినాటి ప్రమాణాలు’ తీశారు. అక్కినేని, జమున నటించిన చక్కని చిత్రం. మామూలు నిర్మాత అయితే ఆ దారినే సాగిపోయేవాడు. పఠాభి యాభై దాటాక మళ్ళీ కత్తి దూశారు. ఈసారి అది కన్నడంలో.

యు.ఆర్.అనంతమూర్తి ‘సంస్కార’ నవల 1965లో వచ్చింది. కథ చిన్నదే. ఒక మాధ్వ అగ్రహారంలో నారణప్ప అనే బ్రాహ్మణుడు చనిపోతాడు. తాగాడు, మాంసం తిన్నాడు, చంద్రి అనే తక్కువ కులపు స్త్రీతో కాపురం పెట్టాడు. అతని శవానికి సంస్కారం ఎవరు చేయాలి? చేస్తే మైల, చేయకపోతే అగ్రహారంలో ఎవరూ అన్నం ముట్టరాదు. పైగా ఊళ్ళో ప్లేగు. శాస్త్రాలన్నీ చదివిన ప్రాణేశాచార్యులు తాళపత్రాలు తిరగేస్తే జవాబు దొరకదు. మారుతి గుడిలో అడిగినా దొరకదు. చివరికి ఆ శవానికి దారి చూపేది చంద్రే.

ఈ నవలను సినిమాగా తీయడానికి పఠాభి కూడగట్టిన బృందం చూడండి. కథను తెరకు మలిచి ఆచార్యుల వేషం కట్టింది గిరీశ్ కర్నాడ్. నారణప్పగా పి.లంకేశ్. చంద్రిగా పఠాభి భార్య స్నేహలత. కెమెరా పట్టుకున్నది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన టామ్ కోవన్. కళాదర్శకుడు చిత్రకారుడు ఎస్.జి.వాసుదేవ్. సంగీతం సరోద్ విద్వాంసుడు రాజీవ్ తారానాథ్. వీరందరినీ కలిపి శృంగేరి దగ్గర ఒక పల్లెలో చిత్రం తీసింది మన నెల్లూరాయన.

చిత్రం పూర్తయ్యాక మద్రాసు సెన్సారు వారు నిషేధించారు. కులాల మధ్య చిచ్చు రేగుతుందని భయం. తర్వాత కేంద్రం ఆ నిషేధాన్ని ఎత్తేసింది. 1970 సంవత్సరానికి జాతీయ ఉత్తమ చిత్రం అదే. కన్నడ చిత్రానికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

స్నేహలత గురించి ఆగి చెప్పుకోవాలి. మద్రాసులో ‘మద్రాస్ ప్లేయర్స్’ నాటక సంస్థను నెలకొల్పినవారిలో ఆమె ఒకరు. భార్యాభర్తలిద్దరూ రామ్ మనోహర్ లోహియా అభిమానులు, సోషలిస్టులు. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చింది. జార్జి ఫెర్నాండెజ్ అజ్ఞాతంలోకి వెళ్ళారు. ఆయనతో స్నేహం ఉన్న ఇల్లు ఇది. 1976 మే 2న స్నేహలతను అరెస్టు చేశారు. బరోడా డైనమైట్ కేసు అన్నారు గాని, చివరికి వేసిన చార్జిషీటులో ఆమె పేరే లేదు. మీసా కింద బెంగళూరు సెంట్రల్ జైలులో ఎనిమిది నెలలు ఉంచారు. ఆమెకు తీవ్రమైన ఉబ్బసం. సరైన వైద్యం అందలేదు. ఆ స్థితిలోనూ తోటి ఆడ ఖైదీల తిండి కోసం, వాళ్ళ మీద పడే దెబ్బల గురించి జైలువాళ్ళతో పోరాడింది, డైరీ రాసింది. 1977 జనవరి 15న పెరోల్ మీద ఇంటికి పంపారు. 18న ఎన్నికల ప్రకటన వచ్చింది. 20న ఆమె చనిపోయింది. నలభై అయిదేళ్ళు కూడా నిండలేదు.

ఆ డైరీ తర్వాత పుస్తకంగా వచ్చింది. తెరమీద అగ్రహారం ముందు తలవంచని చంద్రిని చూసి ఈ డైరీ చదివితే, నటనెక్కడ ఆగింది, బతుకెక్కడ మొదలైంది అన్నది తేల్చుకోవడం కష్టం.

లంకేశ్ నాటకం ఆధారంగా పఠాభి తీసిన ‘చండమారుత’ ఆ 1977లోనే విడుదలైంది. ఆ తర్వాత ‘శృంగార మాస’, ‘దేవర కాడు’ తీశారు. తెలుగును మాత్రం వదల్లేదు. ‘కయిత నా దయిత’, ‘పఠాభి పన్‌చాంగం’ అంటూ మాటలతో పాత ఆటే ఆడుకున్నారు. పంచాంగంలో పన్ ఇరికించడం ఆయనకే చెల్లింది. ‘డజన్’ రాసిన ఇరవయ్యేళ్ళ కుర్రవాడు ఎక్కడికీ పోలేదన్నమాట.

2006 మే 6న బెంగళూరులో, 87 ఏళ్ళ వయసులో పఠాభి కన్నుమూశారు. ‘సంస్కార’ దర్శకుడు కన్నడిగుడే అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అలా అనేవాళ్ళు మన జిల్లాలోనే తగిలితే, కొంచెం కూర్చోబెట్టి ఫిడేలు సంగతి చెప్పండి.