పాల్వంచ తహసీల్దారు - భద్రాద్రి రామదాసు

రాజులు పోతారు, రాజ్యాలు పోతాయి. వారు పెట్టిన పద్ధతులు మాత్రం అంత తొందరగా పోవు. చైనా దేశంలో పరీక్షలు పెట్టి రాజోద్యోగులను ఎంచుకునే ఆచారం సుమారు పదమూడు వందల ఏళ్లు నడిచి 1905లో ఆగిపోయింది. అయినా పరీక్ష నెగ్గి సర్కారు కొలువు సంపాదించడమే గొప్ప అనే భావం అక్కడి ఇళ్లలో ఇంకా పోలేదంటారు. ఇందుకు ఉదాహరణ కోసం అంత దూరం పోనక్కరలేదు. మూడు వందల ఏళ్లకు పైబడి, గోల్కొండ నవాబుకూ ఆయన కింద పనిచేసిన ఒక తహసీల్దారుకూ మధ్య నడిచిన వ్యవహారం ఈనాటికీ మన పండుగను, మన పాటను, మన ప్రభుత్వ మర్యాదను నడిపిస్తున్నది. ఆ తహసీల్దారే కంచర్ల గోపన్న. లోకానికి భక్త రామదాసు.

ప్రభుత్వ సేవలో జీవితం గడిపిన మనకు గోపన్న కథ మరింత దగ్గరది. సర్వీసులో ఉండగా సర్కారు సొమ్ము లెక్కల్లో చిక్కుకుని చెరసాల పాలైన ఉద్యోగి ఆయన. చివరకు ఆ ఉద్యోగి పేరే నిలిచింది, రాజ్యం పోయింది.

గోపన్న స్వగ్రామం మన ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి. పాత బౌద్ధ స్తూపం ఉన్న ఊరు కావడంతో చరిత్ర తెలిసినవారికి ఆ పేరు కొత్త కాదు. నియోగి బ్రాహ్మణ కుటుంబం. తండ్రి లింగన్న మంత్రి, తల్లి కామాంబ. 1620 ప్రాంతంలో పుట్టారని సంప్రదాయంగా చెబుతారు. చిన్ననాటనే రామభక్తి అబ్బింది. రఘునాథ భట్టాచార్యులు గురువుగా శ్రీవైష్ణవ మార్గం పట్టారు. కబీరు ఆయనకు తారకమంత్రం ఉపదేశించాడని మరొక గాథ ఉంది. ఉత్తరాది కబీరుదాసు అంతకు ఎంతో పూర్వపు మనిషి గనుక ఇది చరిత్ర కాదు. అయితే హిందువు, ముస్లిం అన్న తేడా రామనామానికి లేదని చెప్పడానికి మన పెద్దలు ఆ కథను ఇష్టంగా చెప్పుకున్నారు.

గోల్కొండ గద్దె మీద 1672లో కూర్చున్న అబుల్ హసన్ కుతుబ్ షాను మనం తానీషా అంటాం. కుతుబ్ షాహీ వంశంలో ఆయనే ఆఖరివాడు. ఆ వంశపు రాజులు తెలుగును ఆదరించారు, తెలుగువారిని కొలువులో పెట్టుకున్నారు. తానీషా మరొక అడుగు ముందుకు వేసి, హనుమకొండ ప్రాంతపు బ్రాహ్మణ సోదరులు అక్కన్న, మాదన్నల చేతుల్లో రాజ్య వ్యవహారం పెట్టాడు. మాదన్న ఏకంగా ప్రధానమంత్రి అయినాడు. ఈ అన్నదమ్ములు గోపన్నకు మేనమామలు. మేనమామల పలుకుబడి వల్లనే గోపన్నకు పాల్వంచ పరగణా తహసీల్దారీ దొరికింది. సిఫార్సు అనే మాట ఆ రోజుల్లోనూ పనిచేసిందన్నమాట!

ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. తహసీల్దారు, పరగణా, జమాబందీ, ఖజానా, ఇర్సాలు, కచేరీ, దస్త్రం, రసీదు - ఇవన్నీ ఆనాటి ముస్లిం ప్రభువుల పాలన నుంచి మన తెలుగులోకి వచ్చి స్థిరపడిన మాటలు. నిజాం పోయినా, ఇంగ్లీషువారు పోయినా ఇవి పోలేదు. 1985లో మండలాలు ఏర్పడినప్పుడు తహసీల్దారు పేరు తీసేసి ఎమ్మార్వో అన్నారు. కొంతకాలానికి మళ్లీ తహసీల్దారే వచ్చి కూర్చున్నాడు. గోపన్న హోదా పేరు నేటికీ ఆఫీసు బోర్డు మీద ఉంది.

పాల్వంచ పరగణా ఆనాడు దట్టమైన అడవి. కోయ పల్లెలు, గోదావరి ఒడ్డు, అక్కడక్కడా సాగు. రైతుల వద్ద శిస్తు వసూలు చేసి గోల్కొండకు ఇర్సాలు చేయడం తహసీల్దారు పని. గోదావరికి అవతల ఒడ్డున భద్రగిరి. భద్రుడనే మహర్షి తపస్సు చేసిన కొండ అని స్థలపురాణం. ఆ చెంత పల్లెలో ఉన్న పోకల దమ్మక్క అనే అడవిబిడ్డకు రాముడు కలలో కనబడి తన జాడ చెప్పాడట. ఆమె పుట్టను కడిగి, విగ్రహాలు వెలికితీసి, తాటాకుల పందిరి వేసి, అడవి పండ్లే నైవేద్యంగా పెట్టి కొలిచింది. నాలుగు చేతులతో, ఎడమ తొడపై సీతమ్మతో, పక్కన లక్ష్మణస్వామితో వెలసిన ఆ మూర్తిని వైకుంఠ రాముడంటారు. భద్రాద్రికి తొలి పూజారి దమ్మక్కే అన్న సంగతి మరువరాదు. గోపన్న రాకముందే అక్కడ దేవుడున్నాడు, భక్తురాలూ ఉంది. లేనిది గుడి.

పరగణా తనిఖీలో భాగంగానో, జాతర సందర్భంగానో గోపన్న అక్కడికి వెళ్లారు. తాటాకు పందిరి కింద ఉన్న రామయ్యను చూసి మనసు కరిగింది. గుడి కట్టాలని సంకల్పించి చందాలు పోగుచేశారు. ప్రజలు ఇవ్వగలిగింది ఇచ్చారు. పని పెరిగింది, చందాలు చాలలేదు. శిస్తు డబ్బు చేతిలో ఉంది. పై అనుమతి రాలేదు. గోపన్న ఆ డబ్బు తీసి గుడికి ఖర్చుపెట్టారు. సంప్రదాయం చెప్పే లెక్క ఆరు లక్షల వరహాలు. ప్రాకారం లేచింది, గోపురం లేచింది, నగలు తయారయ్యాయి.

ఖజానాకు రావలసిన సొమ్ము రాకపోతే ఏ ప్రభుత్వం ఊరుకుంటుంది? తానీషా సంజాయిషీ అడిగాడు. సొమ్ము కట్టలేని గోపన్నను గోల్కొండ కోటలో బంధించారు. ఆయన ఉన్న గదిని కోటలో నేటికీ చూపుతారు. గోడ మీద చెక్కి ఉన్న దేవతామూర్తులు ఆయన చేతివేనని చెబుతారు. మేనమామలు ప్రధానమంత్రి స్థాయిలో ఉండి కూడా విడిపించలేకపోయారు. వారి ఇబ్బంది ఏపాటిదో ఆలోచించవచ్చు. నోరు విప్పితే బంధుప్రీతి అంటారు, విప్పకపోతే మేనల్లుడు చెరలో మగ్గుతాడు.

తెలుగువారికి దక్కిన గొప్ప కీర్తనలు కొన్ని ఆ చెరలోనే పుట్టాయని ప్రతీతి. అవి మామూలు స్తుతులు కావు. ఒక కీర్తనలో ఆయన రాముడికి లెక్క అప్పగించారు. ప్రాకారానికి ఇంత, భరతుడి పచ్చల పతకానికి ఇంత, శత్రుఘ్నుడి మొలతాడుకు ఇంత అని అంశాలవారీగా చెప్పి, సీతమ్మ చింతాకు పతకాన్నీ స్వామి కలికితురాయినీ గుర్తుచేసి, ఇవి నీ తండ్రి చేయించాడా, నీ మామ పంపాడా అన్న భావంతో నిలదీశారు. దెబ్బల బాధ తాళలేక తిట్టానని వెంటనే క్షమాపణ చెప్పుకున్నారు. మరొక కీర్తనలో రాముడి వద్ద తనకోసం ఒక మాట చెప్పమని సీతమ్మను వేడుకున్నారు. పై అధికారి కరుణించనప్పుడు ఇంటి ఇల్లాలి ద్వారా చెప్పించుకునే ఉపాయం కచేరీ మనుషులకు బాగా తెలిసినదే. దాశరథీ శతకం కూడా ఆయన కలం నుంచి వెలువడినదే.

ఇక అసలు ప్రశ్న. గోపన్న చేసింది తప్పా, ఒప్పా? రెవెన్యూలోనో, ట్రెజరీలోనో, ఆడిట్‌లోనో పనిచేసిన వారికి జవాబు సూటిగానే తోస్తుంది. మంజూరు లేకుండా సర్కారు సొమ్ము ఖర్చు చేయడం నేరం. పని మంచిదైనంత మాత్రాన నిబంధన మారదు. ఆ సొమ్ము నవాబు చెమట కాదు, రైతుల చెమట. తానీషాను దుర్మార్గుడిగా చూపే నాటకాలు ఈ సంగతిని పక్కన పెడతాయి. లెక్క అడగడం పాలకుడి ధర్మం.

రెండో పక్కన చూస్తే గోపన్న దాచుకున్నది లేదు. ఇల్లు కట్టలేదు, భూములు కొనలేదు, పారిపోలేదు. ఖర్చు ఎక్కడ పెట్టారో కొండ మీద అందరికీ కనబడుతూనే ఉంది. శిక్ష తప్పించుకోవడానికి కింది ఉద్యోగి మీద నెపం వేశారని ఏ కథా చెప్పదు. తప్పుకు శిక్షను తానే మోశారు. ప్రజలు ఆయనను క్షమించడానికి కారణం ఇదే అనిపిస్తుంది. ప్రజలు మరచిపోనిది నిబంధన ఉల్లంఘనను కాదు, స్వార్థాన్ని.

విడుదల కథ అందరికీ తెలిసినదే. రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు యువకులు అర్ధరాత్రి తానీషా పడకగదిలో ప్రత్యక్షమై, ఆరు లక్షల రామమాడలు చెల్లించి, రసీదు తీసుకుని, దానిని చెరలో నిద్రిస్తున్న గోపన్న వద్ద ఉంచి మాయమయ్యారు. దేవుడంతటివాడు కూడా బాకీ కట్టి రసీదు పుచ్చుకున్నాడే గాని బాకీ రద్దు చేయమనలేదు! ఈ కథలో మన పూర్వులు దాచిన నీతి ఇది. రాముడి దర్శనం రామదాసు కంటే ముందు తానీషాకే దక్కిందని కూడా చెప్పుకుంటారు.

చెర పన్నెండేళ్లని ప్రసిద్ధి. తానీషా గద్దెనెక్కింది 1672లో, అక్కన్న మాదన్నలు హత్యకు గురైంది 1686లో. ఆ పద్నాలుగేళ్లలోనే ఉద్యోగం, ఆలయ నిర్మాణం, చెర, విడుదల అన్నీ ఇమడాలంటే కష్టం. సర్వీసు రిజిస్టరు రాయడం తెలిసినవారు ఈ తేదీలు కలవవని ఇట్టే పట్టేస్తారు. పన్నెండు అన్నది పుష్కరపు సంఖ్య, పెద్దకాలం అని చెప్పడానికి వాడిన మాట కావచ్చు.

1687లో ఔరంగజేబు సేనలు ఎనిమిది నెలల ముట్టడి తరువాత గోల్కొండను పట్టుకున్నాయి. గోపన్నను చెరలో పెట్టిన తానీషాను దౌలతాబాదు కోటలో బంధించారు. సుమారు పన్నెండేళ్లు అక్కడే ఉండి అక్కడే కన్నుమూశాడు. ఆయనను విడిపించడానికి ఎవరూ రాలేదు. రామదాసు శేషజీవితం భద్రాద్రి రామసేవలో గడిచిందంటారు.

రాజ్యం పోయినా, తానీషా పెట్టినదిగా చెప్పే ఆచారం పోలేదు. శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు పంపడం ఆయన కాలపు ఏర్పాటేనని ప్రతీతి. అంతటా తలంబ్రాలు పసుపు రంగు, భద్రాద్రిలో ఎరుపు. అందులో గులాలు కలపడం కూడా నవాబు మర్యాదేనంటారు. 1860లో భద్రాచలం తాలూకా ఇంగ్లీషువారి చేతికి పోయి, గోదావరికి ఇటు పాల్వంచ నిజాం కింద, అటు భద్రాచలం పరాయి ఏలుబడిలో ఉన్నప్పుడు కూడా నిజాం ప్రభుత్వం ఆ మర్యాద నిలిపింది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం తూర్పు గోదావరి నుంచి మన జిల్లాలోకి వచ్చింది. 2014లో తెలంగాణ వచ్చాక చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయి భద్రాచలం పట్టణం ఇటు మిగిలింది. పురుషోత్తపట్నంలోని దేవుని భూములు సరిహద్దుకు అవతల పడ్డాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడడంతో పాల్వంచ, భద్రాచలం రెండూ ఆ జిల్లా కిందికి చేరాయి. గోపన్న పుట్టిన ఊరు ఒక జిల్లాలో, పనిచేసిన ఊరు మరొక జిల్లాలో ఉన్నాయి. సరిహద్దులు ఎన్నిమార్లు మారినా ప్రభుత్వ లాంఛనంగా తలంబ్రాలు మిథిలా మండపానికి చేరడం మాత్రం సంప్రదాయంగా నిలిచింది.

పాట కూడా అలాగే నిలిచింది. పంతొమ్మిదో శతాబ్దంలో తూము నరసింహదాసు, వరద రామదాసు భద్రాద్రి సేవలను తిరిగి నిలబెట్టారు. త్యాగరాజస్వామి తన రచనల్లో రామదాసును స్మరించారు. మన కాలంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గొంతు ఆ కీర్తనలను ఇంటింటికీ చేర్చింది. 1964లో చిత్తూరు నాగయ్య గారు, 2006లో రాఘవేంద్రరావు గారు ఆ కథను తెరకెక్కించారు. ఖమ్మంలో కళాక్షేత్రానికీ, పాలేరు ప్రాంతపు ఎత్తిపోతల పథకానికీ ఆయన పేరే పెట్టారు. శిస్తు సొమ్ము కోసం జైలుకు పోయిన ఉద్యోగి పేరు మీద సర్కారే నీళ్లు పారించింది.

ఈసారి మనుమలతో భద్రాచలం వెళ్లినప్పుడు దారిలో నేలకొండపల్లిలో ఆగి, ధ్యానమందిరం చూపించండి. దమ్మక్క తాటాకు పందిరి, గోపన్న గోపురం, తానీషా ముత్యం - మూడూ కలిస్తేనే భద్రాద్రి అని చెప్పండి. ఉద్యోగంలో చేరబోయే పిల్లలుంటే మరొక్క మాట కలపండి. మంచి పనికైనా మంజూరు తీసుకోమనండి. ఎందుకంటే ప్రతివారి బాకీ కట్టడానికి రామోజీ, లక్ష్మోజీ రారు.